రేకుబొమ్మ కొట్టిన డప్పు

నిన్న హన్మకొండ హోటల్లో రోబో పాట పాడుకుంటూ దోశలు తెచ్చింది. "అమ్మమ్మా, ఇసొంటిది ఎప్పుడన్న చూసినవా?" అన్నాడు మనవడు. నేను దోశ ముక్క పళ్లెంలో పెట్టేశాను.

గత్తరొచ్చి, అదే కలరా, వాడలకు వాడలు ఖాళీ అయిన ఆ ఏడు, నా ఈడువాళ్లు ఎవరికైనా గుర్తుందా? అప్పుడు వరంగల్‌లో మా ఇంట్లో కీ ఇస్తే డప్పు కొట్టే రేకుబొమ్మ ఉండేది. రైల్వే దొర పిల్లలు పారేస్తే బాపు తెచ్చాడు. ముట్టుకుంటే చేతికి తుప్పు వాసన అంటేది. దాని ఎర్రటోపీ చూసి నాయనమ్మ పగలబడి నవ్వేది. "నేను సస్తే గూడ గిట్లనే డప్పు మోగాలె బిడ్డా" అనేది.

గత్తర ఆమెనూ తీసుకుపోయింది. భయంతో చుట్టాలు రాలేదు, డప్పులవాళ్లూ రాలేదు. బాపు, చిన్నాయన ఇద్దరే పాడె ఎత్తారు.

"బొమ్మ పట్టుకొని ముంగట నడువు బిడ్డా" అన్నాడు బాపు.

కీ అయిపోయినప్పుడల్లా పాడె ఆగేది. నేను మళ్లీ తిప్పేదాన్ని.

గుంట దగ్గర బాపు నిండా కీ ఇచ్చి, బొమ్మను ఆమె పక్కన పెట్టాడు. మన్ను పోస్తుంటే కింది నుంచి డప్పు వినిపిస్తూనే ఉంది. అది ఆగేదాకా మా ముగ్గురిలో ఎవరం కదల్లేదు.