బెల్టు మీద నూనె

పోయిన వారం మా అల్లుడి కారు సర్వీసుకు ఇవ్వడానికి అతనితోపాటు కోరుట్ల వెళ్ళాను. మెకానిక్ బానెట్ ఎత్తితే ఇంజను ఉండవలసిన చోట నల్లటి ప్లాస్టిక్ మూత కనిపించింది. ఊరుకోలేక, ఆల్టర్నేటర్ బెల్టు ఎక్కడుంది, దాన్ని ఎట్లా బిగిస్తారు అని అడిగాను. "గది దానంతట గదే బిగుసుకుంటది తాతా, మనం ముట్టేదుండదు" అన్నాడతను. వినడానికి చిన్న మాటే గాని నాకు ఆ పూట అన్నం సయించలేదు. పాత డీజిల్ బండ్లు నడిపిన నా ఈడు వాళ్ళకైతే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

ఆ రోజుల్లో నాకొక జీపు ఉండేది. కోరుట్ల నుంచి రుద్రంగికి మనుషుల్ని చేరవేసేవాణ్ణి, పదిమంది పట్టే చోట పద్దెనిమిది మంది ఎక్కేవాళ్ళు, వెనక కమ్మీ పట్టుకుని వేలాడేవాళ్ళు వేరే. ఆ బండిలో ఒకే ఒక్క బెల్టు ఫ్యానునూ నీళ్ళ పంపునూ బ్యాటరీకి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్నూ తిప్పేది. అది వదులైతే బ్యాటరీ ఛార్జి కాదు, ఇంజను కాగిపోతుంది. పొద్దున్నే స్టార్టు చేయగానే కీచుమని అరిచి వదులైన సంగతి అదే చెబుతుంది. నా బెల్టు నెల రోజులుగా అరుస్తూనే ఉంది. పండుగ గిరాకీలో పడి రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ గడిపాను. మా ఆవిడ రెండుసార్లు గుర్తు చేస్తే బండి సంగతి నాకు తెలియదా అని ఆమె మీదే ఎగిరాను. నా నోరు అట్లాంటిది.

దసరా నాడు బండికి పూజ చేసుకుని ఇద్దరం రుద్రంగిలో అత్తగారింటికి వెళ్ళాం. మర్నాడు పొద్దున వరి మడిలో దిగిన మా బామ్మర్దిని రక్తపింజర కరిచింది. మా వైపు పాము కరిస్తే జగిత్యాల ఆసుపత్రికే పరుగెత్తేవాళ్ళం. అతన్ని వెనక సీట్లో పడుకోబెడితే, తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని మా ఆవిడ కూర్చుంది. బండి కదిలేసరికే కాలు మోకాలి దాకా వాచింది.

గుట్టల మధ్య ఎత్తు ఎక్కుతుండగా, బ్యాటరీ ఛార్జి కావడం లేదని చెప్పే ఎర్ర దీపం వెలిగింది. వేడి చూపే ముల్లు పైకి పాకుతోంది. బెల్టు జారిపోతోందని తెలుస్తూనే ఉంది, కాని దాన్ని బిగించాలంటే ఇంజను ఆపాలి, ఆపితే ఛార్జి లేని బ్యాటరీతో మళ్ళీ లేవదు. ఆపకుండా పోతే ఇంజనే కాగి పట్టేస్తుంది. వెనక నుంచి "బావా, నోట్లకెల్లి నెత్తురొస్తుందే" అని బామ్మర్ది అంటుంటే స్టీరింగు మీద నా చేతులు నిలవలేదు. ఎట్లాగో ఎత్తు మీదికి చేర్చి, బండి ముక్కు దిగుడు వైపు ఉండేటట్టు ఆపి, ముందు చక్రం కింద రాయి పెట్టి ఇంజను ఆపాను. బ్యాటరీ పనిచేయని బండిని దిగుడులో దొర్లించి లేపుకోవడం ఆ దారిలో తిరిగే ప్రతి డ్రైవరుకూ అలవాటే.

బానెట్ ఎత్తితే బెల్టు నిండా నూనె, పసుపు. మా ఆవిడ పూజలో దీపం నూనె దాని మీద పోసింది. "పండుగ పూట ఒర్రుతున్నదని జరంత వోసిన" అంది, కీచుమని అరిచే తలుపు కీలుకు పోసినట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. "బెల్టుకు నూనె వోత్తరానె ఎవలన్న? నీ తమ్ముని పానం నువ్వే తీస్తున్నవ్!" అని అరిచాను. వెనక సీట్లో బామ్మర్ది వింటూనే ఉన్నాడు.

ఆమె తమ్ముడి తలను మెల్లగా సీటు మీద పెట్టింది. దిగి వచ్చి కొంగుతో బెల్టంతా తుడిచింది. నేను పానా తీసుకుని ఆల్టర్నేటర్ను పట్టి ఉంచే పై బోల్టు మీద చెయ్యి వేశాను. పానా పెట్టకముందే అది వేళ్ళతోనే తిరిగింది. నెల రోజులుగా నేను బిగించని బోల్టు అది. నూనె పోసినా పోయకపోయినా ఆ బెల్టు ఆ ఎత్తు మీద జారేదే. తెలిసీ నేను నోరు మెదపలేదు. జాకీ రాడ్డు సందున పెట్టి ఆల్టర్నేటర్ను బయటికి నెట్టి పట్టుకోమంటే ఆమె ఒంటి బరువంతా వేసి పట్టుకుంది, నేను బోల్టు బిగించాను. బొటనవేలితో నొక్కి చూస్తే బెల్టు అర అంగుళం కంటే కుంగలేదు. రాయి తీసి, దిగుడులో వదిలి, రెండో గేరులో క్లచ్ విడిస్తే ఇంజను దగ్గి దగ్గి అందుకుంది.

బామ్మర్ది బతికాడు. కాలి వేళ్ళు రెండు తీసేశారు, ఇంకాస్త ముందు తెస్తే దక్కేవేమో అన్నాడు డాక్టరు. బెల్టుకు అక్క నూనె పోసిందన్న కథ చుట్టాలందరికీ నేనే చెప్పాను. ఆ తర్వాత ఏ దసరాకూ మా ఆవిడ బండి దగ్గరికి రాలేదు, పూజ పళ్ళెం నా చేతికిచ్చి గడపలోనే నిలబడేది.

పోయిన వారం కోరుట్ల నుంచి వచ్చాక, ఆమె మక్కకంకులు ఒలుస్తుంటే పక్కన కూర్చుని, తప్పు నాదేనని ఇన్నేళ్ళకు చెప్పాను. ఆమె చెయ్యి ఆపలేదు. "గా బోల్టు నీ వేళ్ళకే తిరిగింది గద. పక్కన నిలవడి బెల్టు తుడిసింది నేనే, సూడనా?" అంది. మరి ఒక్కనాడూ అనలేదేమని అడిగాను. "అంటె ఏమొస్తుండె? తమ్ముడు బతికిండు. నువ్వు గా బండి నడిపే మమ్ముల సాకాలె. గప్పటికే నీ చేతులు వణుకుతుండె."

ఆ దారి ఇప్పుడు నున్నటి తారు రోడ్డు. ఎత్తును తవ్వి చదును చేశారు, ఎక్కడ ఆపామో చూపించమన్నా చూపించలేను. ఇప్పుడు ఫోను చేస్తే ఊళ్ళోకే అంబులెన్సు వస్తుంది. వచ్చే ఆదివారం రుద్రంగి వెళ్ళి బామ్మర్దికి నిజం చెప్పాలనుకుంటున్నాను, మా ఆవిడ వద్దంటోంది. పండుగకు వచ్చినప్పుడల్లా అతను వంటింటి గుమ్మంలో నిలబడి, "అక్కా, నూనె జర తక్కువ వొయ్యి" అని ఆటపట్టిస్తాడు. ఇన్నేళ్ళూ ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళం. ఆమె కూడా నవ్వేది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.