పిండి మీద కాలు పడిన రోజు

హిందూపురం దారిలో ఉన్న ఆ ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో, రోజూ పొద్దున్నే నాకు ఒళ్లు మండేది. గేటు దాటగానే ముందు గాజులు తీయించేవాళ్లు. తర్వాత బొట్టు, కమ్మలు, పూలు. తలకు టోపీ, ముక్కూ నోరూ కప్పే మాస్కు, తెల్ల కోటు, చేతులకు గ్లౌజులు వేసుకున్నాక ఎవరు ఎవరో పోల్చుకోవడమే కష్టం. పెళ్లయినదాన్ని గాజులు తీయమనడానికి వీళ్లెవరని సాయంత్రం ఇంటికొచ్చే కంపెనీ బస్సులో పెనుకొండ దాకా గొణుక్కుంటూ వచ్చేదాన్ని.

గొణిగానే గానీ మానలేదు. మా ఆయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. గుంతమగ్గంలో కూర్చుని కూర్చుని నడుం పాడైంది. ఇక మగ్గం వద్దన్నాడు డాక్టరు. పెనుకొండకు వచ్చి మా ఆడబిడ్డ ఇంటి వెనక గదిలో దిగాం. పిల్లలు బడికి పోతున్నారు. ఇల్లు గడిచేది నా జీతం మీదే. ఆ ఉద్యోగం కూడా ఇంకా ఖాయం కాలేదు. పని నచ్చితే ఉంచుకుంటారు, లేదంటే పొమ్మంటారు.

మా పనంతా బియ్యం స్టార్చ్‌తో. బియ్యాన్ని నానబెట్టి, రుబ్బి, కడిగి, ఆరబెట్టి తీసిన తెల్లటి పిండి అది. ఒక షెడ్డులో దాన్ని సూపులూ సాసులూ చిక్కబడటానికి వేసే పొడిగా ప్యాక్ చేస్తారు. మా షెడ్డులో పసిపిల్లలకు చల్లే పౌడరు, ఆడవాళ్లు మొహానికి రాసుకునే పౌడరు తయారవుతాయి. ఈ సంగతి చెబితే మా ఆయన, “అన్నం మొగానికి పూసుకుంటారా?” అని పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నేను పుట్టింది నంబులపూలకుంట దగ్గర ఒక మెట్ట పల్లెలో. మాకు రోజూ రాగి సంగటే. వరి అన్నం పండక్కో, చుట్టాలొస్తేనో వండేవాళ్లు. ఆ రోజు మెతుకు కింద పడితే అవ్వ ఏరి పక్కన పెట్టేది. దాని మీద కాలు పడిందా, వీపు మీద ఒక్కటిచ్చి, “కండ్లకద్దుకో” అనేది. అలా నా చేతికి అలవాటు చేసింది.

సంచులు విప్పి పిండిని జల్లెడ మిషన్లో పోయడం నా పని. ఒకరోజు సంచి కుట్టు తెగి పిండి నేల మీద పడింది. చూసుకునేలోపే నా కాలు అందులో పడింది. వంగి నేలను తాకి రెండు కళ్లకూ అద్దుకున్నాను. ఆ గ్లౌజులతోనే ఇంకో సంచి ఎత్తి మిషన్లో పోశాను. మంచిపనే చేశాననుకున్నాను.

మాకు పని పద్ధతులు నేర్పే క్వాలిటీ మేడమ్ అద్దం వెనక నుంచి చూసింది. హిందూపురం అమ్మాయి, నాకన్నా చాలా చిన్నది. వచ్చి మిషన్ ఆపించింది. ఆ విడత పిండి మొత్తం పారబోయాల్సి వచ్చింది. సూపర్‌వైజరు నా మీద విరుచుకుపడ్డాడు. “నేల మీది మురికంతా పసిబిడ్డల పౌడర్లో కలుపుతాండావా? రేపట్నుంచి రావాకు.” అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. అందుకే నాకు ఇంకా కోపమొచ్చింది.

మేడమ్ మాత్రం నెమ్మదిగా అడిగింది. “యాలక్కా అట్ల చేస్తివి?”

“అన్నం కదా మేడమ్. కాలు పడె.”

ఆమె నన్ను మేనేజరు గదికి తీసుకుపోయింది. నన్ను తీసేయించడానికే అనుకున్నాను. లోపలికి పోయి, “తప్పు నాది సార్,” అంది. “మొహం తాకొద్దని నేర్పినాను. పిండి మీద కాలు పడితే ఏం చేయాలో నేర్పలేదు.” నేను ఆమెకు ఏమవుతానని? ఆమె కూడా నాలాగే జీతానికి పనిచేసే మనిషి. నాది కాదంటే సరిపోయేది. ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే ఆ అమ్మాయికి దండం పెట్టాలనిపిస్తుంది.

మేనేజరు రేపు చూద్దామన్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు బస్సెక్కాను గానీ గేట్లోంచే వెనక్కి పంపుతారనే అనుకున్నాను. పంపలేదు. కోటూ గ్లౌజులూ వేసుకుని అందరితో పాటు షెడ్డులో నిలబడ్డాను.

మిషన్లు వేయకముందు మేడమ్ మా ముందుకొచ్చింది. “ఈ పొద్దు నుంచి ఇంకో పద్ధతి. పిండి మీద కాలు పడితే మిషన్ ఆపండి. బయటికి పోయి గ్లౌజులు తీసేసి కండ్లకద్దుకోండి. చేతులు కడుక్కుని, వేరే గ్లౌజులు వేసుకుని లోపలికి రండి. కండ్లకద్దుకోవద్దని మాత్రం నేను చెప్పను.”

కొందరు కిసుక్కున నవ్వారు. ఆమె నా వైపు తిరిగింది. “నువ్వు ఎప్పటి మాదిరే సంచుల కాడ నిలబడక్కా.”

కళ్ల నిండా నీళ్లొచ్చాయి. చేతులకు గ్లౌజులున్నాయి. తుడుచుకోలేదు. మాస్కు తడిసిపోతున్నా, చేతులు కిందికి వేలాడేసుకుని అలాగే నిలబడ్డాను.