తమ్ముడు తాగని చాయ్

నేను వనపర్తిలో డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెప్తాను. నేరం జరిగిన తీరును బట్టి నేరస్థుడు ఎలాంటివాడో ఊహించే పాఠమంటే నాకు మహా ఇష్టం. ఆ పాఠమే ఒకరోజు గద్వాలలో మా తమ్ముడి మెడకు చుట్టుకుంది.

అక్కడ మా వీధిలో నేతగాళ్ల ఇళ్లలో పట్టు మాయమవుతోంది, అదీ పట్టపగలు. పోలీసులు ముందు దుప్పట్లు అమ్ముకునే పరాయి ఊరివాళ్లను పట్టుకెళ్లి కూర్చోబెట్టారు. వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చిన ఎస్సై ఈ ఊహించే విద్యలో శిక్షణ పొందినవాడు. నాసిరకం వదిలి మేలురకం పట్టే ఏరుకున్నాడంటే దొంగ నేత తెలిసినవాడనీ, ఇళ్లలోకి చనువుగా వెళ్లేవాడనీ చెప్పి వాళ్లను వదిలేశాడు. ఇంతవరకు భేషుగ్గానే ఉంది.

అక్కడితో ఆగాడా? దొంగ పెళ్లి కానివాడట, ఈమధ్య నలుగురికీ దూరంగా మసలుతున్నాడట. వాకబు చేస్తే వీధి మొత్తం మా తమ్ముడినే చూపించింది. మగ్గం మీద పడుగు అయిపోతే కొత్త పోగులు అతకడానికి వాడు ఇల్లిల్లూ తిరుగుతుండేవాడు. పెళ్లి కాలేదు. కొన్నాళ్లుగా ఎవరింట్లోనూ మంచినీళ్లు కూడా ముట్టడం లేదు.

వాణ్ణి స్టేషన్‌కు పట్టుకెళ్లారని అమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, జల్ది రా. పొద్దుమీకేలోపు వాణ్ణి ఇడ్వకుంటె దీక్ష చెడుతది. పంచెలు ఇంకొకరికి ఇస్తరు. వాడు తట్టుకోడు."

ఏటా తిరుమల దేవుడికి మా ఊరి నుంచి పంచెలు వెళ్తాయి. నేసేవాళ్లు ఆ పని అయ్యేదాకా బయట తినరు, తాగరు, మగ్గం ఉన్న చోటే పడుకుంటారు. ఎన్నాళ్లనుంచో ఆశపడితే ఆ ఏడు వాడికి దక్కింది. వెంటనే గద్వాల బస్సెక్కాను.

స్టేషన్‌లో తమ్ముడు బల్ల మీద ముడుచుకుని కూర్చున్నాడు. ముందు చల్లారిన చాయ్.

"చూడండి మేడం, చేతులు ఎలా వణుకుతున్నాయో. చాయ్ కూడా ముట్టడు" అన్నాడు ఎస్సై.

"ఎందుకు ముట్టడో అడిగారా?"

"అడిగాను. దేవుని పని అంటాడు. దొరికిపోయాక అందరూ దేవుణ్ణే తలుచుకుంటారు."

నా ఒళ్లు మండింది. పంచెల సంగతి, దీక్ష సంగతి మొత్తం చెప్పి ఎస్సైని కడిగేశాను. ఆయన ముఖం పాలిపోయింది. సాక్ష్యానికి పిలిపించిన మా పక్కింటి పెద్దాయన గుమ్మంలోనే ఉన్నాడు. ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదని ఎస్సై ఆయన్ని నిలదీశాడు.

"ఎవరింట్లనన్న తింటుండా అన్నరు, లేదన్నం. యాడ పండుకుంటుండు అన్నరు, చెప్పినం. పంచెల సంగతి గద్వాలల తెల్వనోళ్లు ఉంటరని మాకేం తెల్సు సార్."

ఎస్సై ఒక కానిస్టేబుల్‌ను పంపి మగ్గం చూసి రమ్మన్నాడు. పొద్దు గుంకకముందే తమ్ముడిని వదిలేశాడు. వాడు ఇంటి ముందరే నెత్తిన నీళ్లు గుమ్మరించుకుని లోపలికి వెళ్లాడు. మగ్గం చప్పుడు వినపడగానే హమ్మయ్య అని అమ్మా నేనూ గడప మీదే కూలబడి ఏడ్చేశాం.

తర్వాత వనపర్తి బజారులో పట్టు అమ్ముతూ అసలు దొంగ దొరికాడు. ఇళ్లకు నూలు తెచ్చిచ్చే మనిషే. నేత తెలిసినవాడు, చనువున్నవాడు అన్న మాట నిజమైంది. కానీ పెళ్లాం పిల్లలున్నవాడు, అందరితో నవ్వుతూ తిరిగేవాడు. ఎటువైపు వెతకాలో ఆ విద్య చెప్పగలదు, వీడే దొంగ అని మాత్రం చెప్పలేదు. ఇప్పుడు క్లాసులో ఈ ముక్క తప్పకుండా చెప్తున్నాను.

పంచెలు తిరుమలకు బయలుదేరిన రోజు ఎస్సై మా ఇంటికి వచ్చాడు. చెప్పులు వీధిలోనే విడిచి, గడప దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, సార్‌కు చాయ్ పెట్టు. నాకు గూడ" అన్నాడు తమ్ముడు.

ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. తమ్ముడు ఒక్క గుక్కలో సగం గ్లాసు ఖాళీ చేశాడు.

"ఆ దినం గూడ తాగాలనే ఉండె సార్" అన్నాడు. "పొద్దుగాలనుంచి ఏం తినలే. అందుకే చేతులు వణికినయ్."