నా ప్రధానంలో నేను పాడిన పాట

మా క్రైస్తవుల ఇళ్ళలో నిశ్చితార్థాన్ని ప్రధానం అంటారు. ఆ రోజు పెళ్ళికొడుకు చేయాల్సిన పని ఒక్కటే. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, "ఈ సంబంధం నీకు ఇష్టమేనా?" అని అడిగితే "ఇష్టమే" అనాలి. మూడంటే మూడక్షరాలు. ఎంత మొద్దు పెళ్ళికొడుకైనా ఆ మాట అనేసి, ఉంగరం తొడిగించుకుని, బిర్యానీ తిని ఇంటికి పోతాడు. నేను మాత్రం ఆ మూడక్షరాల దగ్గర రెండు ఊళ్ళ జనాన్ని ఆకలితో మాడ్చాను, నా పెళ్ళినే నీళ్ళలో ముంచబోయాను. నవ్వాలనిపిస్తే నవ్వండి, నాకు అలవాటైపోయింది.

మాది మేడ్చల్. ఉద్యోగం తుర్కపల్లిలో ఒక మందుల ల్యాబులో. రోజూ కంపెనీ క్యాబులో పోతూ వస్తూ, పక్కవాళ్ళు రీల్స్ చూస్తుంటే నేను మెన్నోనైట్ పాటల చరిత్ర చదివేవాణ్ణి. మా సంఘం అదే. ఒకప్పుడు యూరప్‌లో మా సంఘం పెద్దలను విశ్వాసం కోసం చెరసాలల్లో వేస్తే, వాళ్ళు అక్కడే పాటలు కట్టారు. ఆ పాటల పుస్తకాల్లో మాటలే ఉండేవి. పైన "ఫలానా పాట రాగంలో పాడవలెను" అని ఒక ముక్క, అంతే. వాద్యాలు లేవు. ముందు పాడే పెద్దమనిషి పంక్తి ఎత్తుకుంటే తక్కినవాళ్ళు నెమ్మదిగా అందుకునేవారు. రాగాలు నోటి నుంచి చెవికి, ఊరి నుంచి ఊరికి పోయి తారుమారవుతుంటే చాలా కాలానికి రాగాల పుస్తకాలు వేసుకున్నారు. రష్యా వైపు వలస పోయినవాళ్ళు స్వరాలకు బదులు అంకెలు రాసుకున్నారు. ఒకటి అంటే స, రెండు అంటే రి, అలా ఏడు దాకా. మన తెలుగు నేలకు మా సంఘాన్ని తెచ్చిన మిషనరీలు ఆ వలస వాళ్ళ సంతతే.

ఇంత చరిత్ర తెలిసినవాడు మేడ్చల్ మొత్తంలో నేనొక్కణ్ణే అని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ ఉంది, దాని జోలికి రాకండి.

అలా అంకెలతో రాసిన ఒక పాత రాగాల పుస్తకం నుంచి కొన్ని పేజీలు ప్రింటు తీసి ఇంట్లో పెట్టుకుంటే మా నాన్న, అదే మా బాపు, చూశాడు.

"ఏందిరా గిది? గిన్ని ఫోన్ నంబర్లు ఎవరియి?"

"ఫోన్ నంబర్లు కావు బాపూ, రాగం."

"ఒకటి ఒకటి ఐదు ఐదు ఆరు... గిండ్ల రాగం యాడున్నది?"

పాడి వినిపించాను. బాపు చివరిదాకా ఓపిగ్గా విని, "ఫోన్ నంబరైతేనే మంచిగుండె" అని లేచిపోయాడు.

అప్పుడే లాల్‌గడి మలక్‌పేట్ నుంచి కరుణ సంబంధం వచ్చింది. ఆ ఊరి పక్కనే బడిలో టీచరు. చూసిన రోజే నాకు బాగా నచ్చింది, ఆ పిల్లను తప్ప ఇంకెవరినీ చేసుకోనని ఇంట్లో చెప్పేశాను. వాళ్ళ నాన్న సామ్యేలు మామ కూరగాయల రైతు, వాళ్ళ సంఘంలో పాట ఎత్తుకునే పెద్దమనిషి. మొదటిసారి కూర్చున్నప్పుడే చాయ్ తాగుతూ అన్నాడు.

"మా కాడ పాట నడిమిట్ల శ్రుతి దించుడు ఉండది అల్లుడూ. యాడ ఎత్తుకున్నమో ఆడనే ముగించాలె. దించినోడు పాటగాడే కాదు."

మామను మెప్పించే దారి దొరికిందని నాకు మస్తు సంతోషమైంది. ఒక చెరసాల పాటను తెలుగులోకి మార్చి, ఆ అంకెల రాగానికి కూర్చి, నా ప్రధానంలో నేనే పాడాలని తీర్మానించుకున్నాను. చెరసాలలో వాళ్ళకు బోలెడు తీరిక కాబట్టి పాటలో పాతిక పైచిలుకు చరణాలున్నాయి. ఒక్కటి వదిలినా చరిత్రకు ద్రోహం చేసినట్టేనని అన్నీ ఉంచాను.

ప్రధానం కరుణ వాళ్ళ వాకిట్లో షామియానా కింద. మా చిన్నాయన కొడుకు సాల్మన్ కీబోర్డు తెచ్చి పెట్టాడు.

"అన్నా, శ్రుతి ఇయ్యాల్నా?"

"వద్దు. మన పెద్దలు వాద్యాలు పెట్టలే."

"పాటేం వాయించనులే అన్నా. ఒక్క బటన్ వత్తుత. యాడ ఎత్తుకోవాల్నో ఎరుకైతది."

"సాల్మన్, చెరసాలల కీబోర్డు ఉండెనా?"

"చెరసాలల బిర్యానీ గూడ లేకుండె. మరి మనం వండిపిచ్చినం గదా."

తెలివితక్కువ వాదన అనుకుని కీబోర్డు మీద మళ్ళీ గుడ్డ కప్పించాను. తర్వాత జనానికి పాట చరిత్ర, పెద్దలు చెరసాలకు ఎందుకు పోయారన్న సంగతి కలిపి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. చిన్నదని నేనంటున్నాను, వంటవాళ్ళు అనలేదు. ఆ పైన కరుణ వైపు ఒకసారి చూసి, ఆ ఉత్సాహంలో పాట ఎత్తుకున్నాను. ఎక్కడ ఎత్తుకున్నానంటే, మామూలు మనిషి గొంతు పైకి పోయి పోయి ఆగిపోయే చోట. ఒకటో అంకె అక్కడుంటే ఆరో అంకె ఎక్కడుంటుందో మీరే లెక్కేసుకోండి.

జనం తెలివైనవాళ్ళు. మగవాళ్ళంతా కింది స్థాయికి దిగిపోయి హాయిగా అందుకున్నారు. పైన నేనొక్కణ్ణే మిగిలాను. పైగా రాగం ఎవరికీ రాదు, కాబట్టి ప్రతి పంక్తి ముందు నేను పాడాలి, తర్వాత వాళ్ళతో కలిసి మళ్ళీ పాడాలి. అంటే ఆ పాట నేను రెండుసార్లు పాడాను.

ముందు వరుసలో కూర్చున్న కరుణ నాయనమ్మ, రూతమ్మ అవ్వ, కొన్ని చరణాలు విని గట్టిగానే అడిగింది. "ఏందిరా సామ్యేలూ, గీ పాటల అందరు సచ్చిపోతనే ఉన్నరు?"

"ఊకో అమ్మా. చరిత్రనట."

"లగ్గం ముంగట సావుల చరిత్ర ఎందుకురా?"

సాల్మన్ దూరం నుంచి చేత్తో "దించు, దించు" అని సైగ చేస్తున్నాడు. దించడమా? మామ ముందరా? మెడ నరాలు ఉబ్బుతున్నాయి, చెవుల్లో ఏదో గుయ్యిమంటోంది. వంటాయన మూత తీసి చూసి మళ్ళీ పెట్టాడు. నేను ఆఖరి చరణం దాకా ఒక్క మెట్టు కూడా దిగలేదు.

"దించలే! యాడ ఎత్తుకున్నడో ఆడనే ముగించిండు!" అని సామ్యేలు మామ లేచి నన్ను కౌగిలించుకున్నాడు. ఆ క్షణాన మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా నాకంటే గొప్పవాడు లేడు. అయ్యగారు ముందుకొచ్చారు.

"జయరాజూ, ఈ సంబంధం నీకు ఇష్టమేనా?"

నోరు తెరిచాను. సైకిల్ ట్యూబులోంచి పోయినట్టు గాలి పోయింది. మాట రాలేదు.

"గట్టిగ జెప్పు బిడ్డా. ఇష్టమేనా?"

మళ్ళీ గాలే. మెడ విరిగేంత గట్టిగా తల ఊపాను. కరుణ మేనమామ ఏసోబు సంఘ పెద్ద, ఆయన చెయ్యెత్తాడు.

"తల ఊపుడు లెక్కకు రాదు అయ్యగారూ. మన దాంట్ల బాప్తిస్మమైనా లగ్గమైనా ఎవరి నోటితోని వాళ్ళే ఒప్పుకోవాలె. గా మాట కోసమేనాయె పెద్దలు చెరసాలకు పోయింది. గిప్పుడే గదా ఈ పిల్లగాడు జెప్పిండు."

నిజమే, ఉపన్యాసంలో ఆ మాట గట్టిగా చెప్పింది నేనే. ఫోన్‌లో "ఇష్టమే" అని టైపు చేసి చూపిస్తే, "రాసిచ్చుడు కాదు, నోటితోని" అన్నాడు ఏసోబు.

"మావోనికి గొంతు పోయింది బావా" అన్నాడు బాపు.

"పాటకు అంతసేపు వచ్చిన గొంతు ఒక్క మాటకు రాదా?"

"పిల్లగానికి ఇష్టం లేదు," రూతమ్మ అవ్వ తీర్పు చెప్పేసింది. "చెరసాలన్నడు, సంకెళ్ళన్నడు. నాకు మొదటి చరణంకే సమజైంది."

అప్పుడు నాకు నిజంగా భయమేసింది. కావాలనుకున్న పిల్ల ఎదురుగా ఉంది, వాళ్ళ వాళ్ళు కుర్చీలు జరుపుకుంటూ లేస్తున్నారు. నాకు కళ్ళ నీళ్ళు వచ్చేశాయి. అవ్వ అది కూడా చూసింది. "సూడుండ్రి, ఏడుస్తాండు!"

అయ్యగారు పరేషాన్ అయి కరుణ వైపు తిరిగారు. "నీ సంగతి జెప్పు బిడ్డా."

కరుణ లేచి నిలబడింది. "నాకైతే ఇష్టమే అయ్యగారూ. ఇష్టం లేకుంటె మూడో చరణంకే ఇంట్లకు పోయేదాన్ని."

షామియానా అంతా నవ్వులు. ఆ పిల్ల మీద నాకున్న ఇష్టం అక్కడికక్కడే రెట్టింపయింది, చెప్పడానికి మాత్రం గొంతు లేదు.

"ఆయన గొంతు వచ్చేదాంక ఆగుదాం. ఉరికిపోతాండా ఏంది?" అంది కరుణ మళ్ళీ.

ఆగుదాం సరే, ఉంగరం తొడిగితే గానీ అన్నం పెట్టే పద్ధతి లేదు. ఒకరు మిరియాల నీళ్ళు, ఒకరు తేనె, ఒకరు ఆవిరి పట్టడానికి గిన్నె తెచ్చారు. రెండు ఊళ్ళ జనం పళ్ళేలు చేతిలో పట్టుకుని నా గొంతు వైపే చూస్తూ కూర్చున్నారు. ఎంతసేపటికో గండిమైసమ్మ ఊరి నుంచి వచ్చిన వంటాయన పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యగారూ, బిర్యానీ అడుగంటుతాంది! జల్దీ అడుగుండ్రి!"

"ఇష్టమేనా?" అన్నారు అయ్యగారు, ఈసారి ముందూ వెనకా ఏమీ లేకుండా.

ఉన్న బలమంతా కూడగట్టాను. కప్ప బెకబెకలాంటిదేదో బయటికొచ్చింది.

"ఏమన్నడు?" అంది అవ్వ.

"ఇష్టమేనంటాండు!" అని జనమంతా ఒక్క గొంతుతో అరిచి బిర్యానీ వైపు ఉరికారు. ఆ రోజు మా సంఘం తేడా లేకుండా ఒకే శ్రుతిలో పలికింది ఆ ఒక్క మాటే. ఉంగరం తొడిగే వేళకు అక్కడ అయ్యగారు, కరుణ, నేను మిగిలాం.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుట నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ శుభకార్యంలోనూ మూడు చరణాలు దాటను. ఎవరైనా శ్రుతి ఇస్తానంటే చేతులు జోడించి పుచ్చుకుంటాను. ఇంకో నియమం పెళ్ళయినప్పటి నుంచే పాటిస్తున్నాను. కరుణ ఏదైనా అడగడానికి నోరు తెరిస్తే చాలు, ముందు "ఇష్టమే" అనేస్తాను, ప్రశ్న తర్వాత వింటాను. గొంతు ఎప్పుడు పోతుందో ఎవరికి తెలుసు? మా ఇంటి గోడలకు గులాబీ రంగు అలా పడిందే.