సిక్ రిపోర్టులో లేని పేరు

నేనూ మా చెల్లెలి భర్తా మిలిటరీలో ఒకే కంపెనీలో పనిచేశాం. నేను హవల్దారుని. ఒంట్లో బాగోలేనివాళ్ల పేర్లు పొద్దున్నే సిక్ రిపోర్టు పుస్తకంలో రాస్తేనే డాక్టరు చూసేవాడు. ఎవరి పేరు రాయాలో, ఎవర్ని పరేడుకి తరమాలో నా చేతిలో ఉండేది. నొప్పి అన్నవాడు మాకు పనిదొంగ.

బావ సామాను దించుతూ లారీ మీంచి పడ్డాడు. మర్నాడు నడుం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "సెల్లి మొగుడని రాసినానంటారు, పో" అని తోలేశాను. పళ్లబిగువున వెళ్లి వరసలో నిలబడ్డాడు. నాకు గర్వంగా కూడా అనిపించింది. ఛీ, నా బతుకు!

రిటైరై వచ్చాక ఇద్దరం వైకల్యం పింఛనుకి పెట్టుకున్నాం. ఫైరింగులో దెబ్బతిన్న నా ఎడమ చెవికి, అతని నడుముకి. రెండూ తిరగ్గొట్టారు, అప్పీలు చేశాం. అప్పటికి బావని మంచం మీంచి మా చెల్లే లేపాలి. తాగి పడ్డాడని ఊళ్లో అనేవారు.

రాష్ట్రం విడిపోయిన మరుసటేడు జవాబులొచ్చాయి. కోటబొమ్మాళి స్టేషను దగ్గర టీ కొట్లో కూర్చుని ఇద్దరివీ నేనే చదివాను. నా చెవికి ఒప్పుకున్నారు. అతని నడుముకి ఒప్పుకోలేదు. ఆ తేదీల్లో సిక్ రిపోర్టులో పేరు లేదట. మళ్లీ అప్పీలుకి ఆర్నెల్లు గడువు.

బావ నా ఎడమపక్కన కూర్చున్నాడు.

"ఆ రోజు నానొచ్చినాను, నువ్వే రాయనేదు. ఆ ముక్క కాయితం మీద రాసిచ్చీ బావా. తాగి పడనేదని ఊరికైనా తెలస్తాది."

అంతా వినిపించింది. దగ్గరగా మాట్లాడితే ఆ చెవికి ఇంకా అందుతుంది. రాసిస్తే నా పరువేం కాను? నా చెవి కాయితం కూడా తిరగదోడతారేమోనని భయం ఒకటి.

"ఏటీ? ఇనపడ్నేదు బావా," అన్నాను.

మళ్లీ చెప్పాడు, గట్టిగా. టీ కొట్టావిడ తిరిగి చూసింది. నేను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

బల్ల పట్టుకుని లేచాడు. అడుగులో అడుగేసుకుంటూ నా కుడిపక్కకొచ్చి వంగబోయాడు, వంగలేకపోయాడు. నిలబడే మెల్లగా అన్నాడు:

"ఈ సెవి కూడా పోయిందని రాయించుకో బావా. సాచ్చికం నానొస్తాను."

ఆర్నెల్లూ చెల్లి ఫోన్ చేస్తూనే ఉంది. నేను ఎత్తలేదు, రాసివ్వలేదు.