మాస్టారి పలకరింపు

నిన్న సాయంత్రం ఐదూ నలభైకి, ముమ్మిడివరం బస్సులో నా పక్కన కూర్చున్నామె దగ్గుబిళ్ల కాగితం విప్పింది. ఆ ఘాటుకి దేవదానం మాస్టారు గుర్తొచ్చారు. అల్లవరంలో నాకు లెక్కలు చెప్పిన మనిషి. రిటైరయ్యాక ఆయన జేబులో సుద్దముక్కల బదులు ఆ బిళ్లలు ఉండేవి.

నేను అమలాపురంలో ఇంటినుంచే సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటున్న రోజుల్లో ఆయన వచ్చి, ఫోను వదల్లేని పిల్లల కోసం ఒక యాప్ చేసిపెట్టమన్నారు. ఫోను పక్కన పెట్టినవాళ్లకు వచ్చే పతకాలు, పాయింట్లు గీసి చూపించాను.

"బావుందమ్మా. ఆ వీడియోలు మానేసి ఈ పతకాలు చూస్తూ కూర్చుంటారన్నమాట."

"మరేం చెయ్యమంటారండీ?"

"మన వీధిలో మనిషి కనిపిస్తే ఊరికే పోనిస్తామా? ఎక్కడికండీ, భోజనం అయ్యిందా అంటాం. అదే పెట్టు. వీడియో తెరవబోతే ముందు ఒక మనిషికి ఫోను కలవాలి. ఆ మనిషి పలకరించాలి. అంతే."

అలాగే చేశాను. ఎవరికి కలపాలో పిల్లలే రాసుకోవాలి. చాలామంది ఎవరి పేరూ రాయలేదు. వాళ్లందరి ఫోన్లూ తనకే కలపమన్నారు మాస్టారు.

అలా పేరు రాయనివాళ్లలో ప్రసన్న ఒకతె. డిగ్రీ చివరి సంవత్సరం. తల్లి మస్కట్‌లో ఇళ్లలో పని చేసేది. ఈ పిల్ల కాలేజీ మానేసి, తలుపేసుకుని, రోజంతా ఫోనులో ఉండేది. ఒక మధ్యాహ్నం మాస్టారింట్లో కూర్చుని వాళ్ల మాటలు విన్నాను.

"ఏవండోయ్ ప్రసన్నగారూ, మళ్లీ వచ్చేరా! అరగంటైనా కాలేదు కదండీ."

"విసుగ్గా ఉంది మాస్టారూ."

"ఆయ్, నాకూ అలాగే ఉంది. ఏం కూర?"

"వండలేదండి."

"అయితే పప్పు పొయ్యి మీద పెట్టి మళ్లీ చెయ్యి. ఉడికిందో లేదో నాకు తెలియాలి."

చేసింది. మాడిపోయిందని చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. నెల తిరక్కుండానే ఆ అమ్మాయి కాలేజీకి వెళ్లి పరీక్షలకు హాల్ టికెట్ తెచ్చుకుంది.

అప్పుడే మాస్టారి గొంతు పాడైంది. మాట్లాడవద్దని డాక్టరు చెప్పినా ఆయన వినలేదు. నేను ఆయనకు చెప్పకుండా, ఆయన ఫోనులో రికార్డయి ఉన్న మాటల్లోంచి పలకరింపులు కత్తిరించి యాప్‌లో పెట్టాను. ఫోన్లు ఆయన దాకా పోకుండా చేశాను. ఆయనకు విశ్రాంతి దొరుకుతుందనుకున్నాను. పిల్లలు పోల్చుకోలేరని కూడా అనుకున్నాను.

నాలుగో రోజు ప్రసన్న నాకు ఫోను చేసింది. ఆ రోజు ఆమె మొదటి పరీక్ష.

"మాస్టారికి నా మీద కోపమా అక్కా?"

"లేదమ్మా. గొంతు బాగాలేదు. అది రికార్డు."

"నాలుగు రోజుల్నుంచీ చెబుతున్నానక్కా, పరీక్షంటే భయంగా ఉందని. ఏం కూర అని అడుగుతోంది."

వెంటనే బయలుదేరమన్నాను. టైమైపోయిందంది. మిగతా పరీక్షలూ రాయలేదు.

మాస్టారికి చెప్పాను. కోప్పడతారనుకున్నాను. రాని గొంతుతో ఒక్కటే అడిగారు: "నాలుగు రోజులు ఆ పిల్ల చెప్పింది ఎవరు విన్నారమ్మా?"

మర్నాడు ఆటో కట్టించుకుని వాళ్లింటికి వెళ్లారు. ప్రసన్న తలుపు తియ్యలేదు. పిలుద్దామంటే ఆయనకు గొంతు లేదు. గంటసేపు మెట్టు మీద కూర్చుని వచ్చేశారు. ఆయనది మామూలు జబ్బు కాదని తర్వాత తెలిసింది. రెండు నెలలు కూడా బతకలేదు.

ఆ తర్వాత పిల్లల ఫోన్లు నేనే ఎత్తాను. నాకు పలకరించడం రాలేదు, జాగ్రత్తలు చెప్పేదాన్ని. ఒక్కొక్కరే యాప్ తీసేశారు. ఇప్పటికీ ఫోనులో ఎవరి గొంతు విన్నా, అవతల మనిషే ఉన్నారని తేలేదాకా నేను నోరు విప్పను. ప్రసన్నకు చాలాకాలం ఫోను చేశాను. ఎప్పుడూ ఎత్తలేదు. ఇప్పుడు చేయడం లేదు.