అజ్మాన్ గాలిబడిలో తిరిగిన మంచాలు

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. గాలి సోకిందని ఎవరైనా అంటే జలుబు మాత్ర ఇచ్చే రకం నేను. నాకు ఉద్యోగమిచ్చిందీ గాలే.

డెబ్బైల చివర్లో, దుబాయ్‌కి దగ్గర్లోని అజ్మాన్ సముద్రపొడ్డున ఖర్జూరపు మట్టల పందిరి కింద నడిచే బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. గోడల్లేవు. ఊపిరితిత్తులు బలహీనమైన పిల్లలు పదకొండు మంది. మంచి మందులు రాని రోజుల్లో ఐరోపాలో ఇలాంటి బడులు చాలా ఉండేవట. క్షయ భయమున్న పిల్లలకు దుప్పట్లు కప్పి, చలికాలంలోనూ ఆరుబయటే చదివించేవారట. మా హెడ్‌మిస్ట్రెస్, ఒక ఇంగ్లీషు పెద్దావిడ, అలాంటి బడిలోనే పెరిగింది.

భోజనమయ్యాక పిల్లలు ఇనుప మంచాల మీద గంటసేపు పడుకోవాలి. గాలి దిశ మారితే, అది ముఖాలకు కొట్టకుండా తలవైపు దానికి అడ్డుగా వచ్చేలా మంచాలు తిప్పాలి. ఆ పద్ధతి ఆవిడ నాకొక్కడికే నేర్పింది.

సల్మాకు ఎనిమిదేళ్లు, ఉబ్బసం. తల్లి లేదు. కడప నుంచి వచ్చి డ్రైవర్‌గా పనిచేస్తున్న తండ్రి ఒకరోజు నాతో అన్నాడు: "ఇంగొక్కసారి దమ్ము పట్టిందంటే ఖలాస్ సార్. కడపలో వాళ్ల నానీ, అమ్మమ్మ కాడికి పంపిస్తా. మళ్లా రెండేండ్లకు గానీ బిడ్డ మొగం సూడలేను."

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్ దుబాయ్ వెళ్లింది. వాచ్‌మన్ నమాజుకు పోయాడు. కాపలాకు నేనున్నాను, అంటే నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి ఆకు కదలడం లేదు. కానీ సముద్రం వైపు కాళ్లుండాల్సిన మంచాలన్నీ అటు తలలు పెట్టి ఉన్నాయి. సల్మా ముక్కు మీద తడిగుడ్డ ఉంది. ఒక్కో మంచం తిప్పడానికి ఇద్దరు కావాలి. పిల్లలు పడుకున్నాక వాచ్‌మన్ ఇసుకలో ఊడ్చిన చీపురు గీతలు మాత్రం చెదరలేదు, ఒక్క అడుగు గుర్తూ లేదు.

కళ్లు నులుముకుంటుండగానే సముద్రం మీంచి షమాల్, అంటే అక్కడి వాయవ్యపు గాలి, దుమ్ముతో విరుచుకుపడింది. ఆ సాయంత్రం నాతో సహా చాలామందిమి దగ్గాం. సల్మాకు ఆయాసం రాలేదు.

తండ్రి వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. "మీరు తిప్పకపోయింటే ఏమయ్యుండునో సార్!"

"సారు తిప్పలే అబ్బా, గురక పెడతాండె," అంది సల్మా.

"మరెవురు తిప్పినారు?"

"నేను సూడలే. పండుకున్నప్పుడు కండ్లు తెరవగూడదని సారే గదా చెప్పింది? గుడ్డ ఏసిన చెయ్యి మాత్రం సల్లగుండె."

తండ్రి పడీపడీ నవ్వాడు. పిల్లను కడపకు పంపలేదు. హెడ్‌మిస్ట్రెస్‌కు అన్నీ చెప్పాను, గురకతో సహా. ఆవిడ ఒక్కో మంచం చూసుకుంటూ వెళ్లి, అన్నీ తను నేర్పిన పద్ధతిలోనే తిరిగాయంది.

ఏం జరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ తండ్రి నాకు చెప్పిన కృతజ్ఞతను ఎవరికి చేర్చాలో కూడా తెలియదు.